గేటుకి ఇవతల కత్తిరించిన కాలర్

కుట్టు దుకాణం పై గది,
వానలు మొదలైన వారం

చెల్లెమ్మా,

కోటకి గుమ్మం ఒక్కటే ఉన్నప్పుడు, ఆ గుమ్మంలో కూర్చున్న కాపలావాడు కునుకు తీస్తే, లోపల చచ్చినవాళ్ళ పాపం ఎవరి నెత్తిన పడుతుంది? నసగకుండా చెప్పు. నీ నెత్తిన! సరిహద్దు గేటు పక్కన ల్యాబ్‌లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ ముక్కుల్లో పుల్లలు పెట్టేది నువ్వే కాబట్టి నిన్నే అడుగుతున్నాను.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను మూడో మాటకి వచ్చేసరికి "అన్నయ్యా, శాంపిల్స్ వచ్చాయి" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని పెట్టెయ్యలేవు. మన బస్సు డ్రైవర్ ఎలాగూ రోజూ గేటుదాకా వస్తాడు, తెచ్చి నీ చేతిలో పెడతాడు. చదివితీరాలి.

రోజుకో కొత్త రకం జబ్బు పుడుతోందని పేపర్లో వస్తోంది. ఎక్కడ పుడుతోంది? అవతల! ఎటునుంచి వస్తోంది? మీ గేటునుంచి! గ్రంథంలో ప్రళయానికి ముందు ఓడ కట్టిన ఆ ముసలాయన తలుపు సగం మూసి ఊరుకున్నాడా? నేను పాస్టర్ని కాను, బడిలో ఎక్కువ చదివినవాణ్ణీ కాను. బట్టలు కుట్టుకుంటూ, గ్రంథం ఒళ్ళో పెట్టుకుని నేర్చుకున్నవాణ్ణి. కానీ ఆదివారం నేను నోరు తెరిస్తే మన మందిరంలో పసిపిల్లలు కూడా ఏడుపు ఆపుతారు. వచ్చే ఆదివారం పెద్ద సభ పెడుతున్నాను. ఊరందరిచేత సంతకాలు పెట్టించి, గేటు పూర్తిగా మూసేయమని అర్జీ పంపిస్తాను. మీ వదినకి మొదటి వరసలో కుర్చీ వేయిస్తున్నాను. ఆపరేషన్ అయ్యాక ఆమె వస్తున్న మొదటి పెద్ద సభ ఇది.

దుకాణం సంగతి అడగకు. బడి పిల్లల యూనిఫారాల ఆర్డర్ వచ్చింది. రేకులో కత్తిరించిన అసలు నమూనా గోడకి వేలాడుతోంది కదా? కటింగ్ మాస్టర్‌కి దాన్ని దించడానికి బద్ధకం. కాగితం మీద గీసిన దాని మీంచి ఇంకో కాగితం, దాని మీంచి ఇంకోటి గీసుకుంటూ పోయాడు. గీసిన ప్రతిసారీ పెన్సిల్ మందం అంత పెరిగింది. చివరికి వచ్చిన కాలర్లు చూస్తే, పిల్లలు ఎగిరిపోతారేమో అనిపించింది. "ఇదేంటయ్యా?" అంటే "అన్నీ ఒకదానిలాగే ఒకటి ఉన్నాయి కదా సార్" అంటాడు. అవును. పక్కపక్కవి రెండూ ఒకేలా ఉన్నాయి. మొదటిదీ చివరిదీ మాత్రం చుట్టాలు కూడా కావు.

గేటు మూయించు.

మీ అన్నయ్య


గేటు ల్యాబ్, వెనక వరండా

అన్నయ్యా,

ముందు నా సామాను ఎలా ఉంది చెప్పు. వదిన ఒంట్లో కాపురం పెట్టిన నా కిడ్నీ సంగతి అడుగుతున్నాను. నేను ఇచ్చిందే అయినా, ఇచ్చినదాని మీద ఆడపడుచు పెత్తనం ఉంటుంది. వేళకి నీళ్ళు తాగిస్తున్నావా? దాని ముందు అరవకు, అది నా వైపు మనిషి. అరుపులకి అలవాటు లేదు.

నీ ఉత్తరం ల్యాబ్‌లో అందరికీ చదివి వినిపించాను. కాలర్ల దగ్గర మా పెద్దమేడం టీ ఒలకబోసుకుంది. "ఇంత బాగా మీ అన్నయ్య వైరస్ గురించి చెప్పాడా?" అంది. చెప్పానని నీకే తెలీదు గానీ, చెప్పింది నువ్వే.

విను. వైరస్ చేసే పని ఒక్కటే, తన నకలు తాను గీసుకోవడం. అసలు నమూనా దాని దగ్గర ఉండదు. నకలు మీంచి నకలు, మీ కటింగ్ మాస్టర్ లాగే. ఒక మనిషికి జబ్బు చేస్తే ఆ ఒంట్లో కోట్ల నకళ్ళు. గీసిన ప్రతిసారీ తప్పు పడే వీలుంది. చాలా తప్పులు చెత్తబుట్టకి పోతాయి. ఎప్పుడో ఒక తప్పు దానికి కలిసొస్తుంది: ఇంకా తొందరగా అంటుకుంటుంది, లేదా పాత టీకా కన్నుగప్పుతుంది. పేపర్లో కొత్త రకం అని రాసేది దాన్నే.

ఇప్పుడు నువ్వు చెప్పు టైలర్ గారూ, తప్పు కాలర్ ఏ దుకాణంలో ఎక్కువ పుడుతుంది? ఎక్కువ బట్ట కత్తిరించే దుకాణంలో. దుకాణం ముందు తలుపు మూసినా తెరిచినా కత్తెర ఆడుతూనే ఉంటుంది. జబ్బుపడ్డవాళ్ళు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ కొత్త రకం పుట్టే అవకాశం ఎక్కువ. గేటుకి అవతలా ఇవతలా అని దానికి పట్టింపు లేదు.

గేటు దండగని నేను అనను. నా జీతం దాని మీదే. ఇవతల జబ్బు తక్కువున్నప్పుడు గేటు దగ్గర పట్టుకున్న ప్రతివాడూ లెక్కే. రావాల్సింది ఆలస్యంగా వస్తుంది, ఆ లోపు టీకాలు వేసుకోవచ్చు. కానీ ఊళ్ళో ఇప్పటికే ఇంటికొకరు దగ్గుతుంటే, గుమ్మంలో నేనొక్కదాన్ని కాపలా కూర్చుని ఏం చెయ్యను?

అసలు మాట ఇది, నవ్వకుండా చదువు. నా కిడ్నీని వదిన ఒళ్ళు తరిమెయ్యకుండా మందులు వేసుకుంటోంది కదా. ఆ మందులు ఆమె ఒంట్లో కాపలావాళ్ళందరినీ నిద్రపుచ్చుతాయి. టీకా కూడా ఆమెకి సగమే పనిచేస్తుంది. జబ్బు వస్తే నెలల తరబడి వదలకపోవచ్చు. ఆమెకి గోడ అంటే చుట్టూ ఉన్న మీరే. కాబట్టి నువ్వు టీకా వేయించుకో. సభ ఆరుబయట పెట్టు. కుదరకపోతే కిటికీలన్నీ తెరువు. ఏది ఏమైనా వదినని మొదటి వరసలో కూర్చోబెట్టకు. నా ఒట్టు.

మీ చెల్లి


కుట్టు దుకాణం పై గది,
సభ అయిన మూడో రోజు

చెల్లెమ్మా,

జయం! మందిరం పట్టలేదు జనం. మెట్ల మీద, బెంచీల మధ్య, ఆఖరికి నా బల్ల కింద కూడా కూర్చున్నారు. నేను లేచాను. "గుమ్మం ఎవరిది?" అని అరిచాను. "మనది!" అని కప్పు అదిరింది. పాటలు పాడాం, మళ్ళీ పాడాం. సంతకాల కాగితాలు చాలక యూనిఫారాల నమూనా కాగితాల వెనక కూడా పెట్టించాను.

నీ మాట పూర్తిగా తోసెయ్యలేదు. జాగ్రత్త తీసుకున్నాను. అవతలి వైపు లారీ డ్రైవర్లు ప్రతి ఆదివారం మన మందిరానికి వస్తారు కదా, వాళ్ళని లోపలికి రానివ్వలేదు. ఒంటి మీద కుష్ఠు మచ్చ అనుమానం ఉన్నవాణ్ణి పాళెం బయట, గుడారాలకి దూరంగా ఉంచమని గ్రంథం చెప్పలేదూ? వాళ్ళందరికీ వెనక సైకిల్ షెడ్డులో బెంచీలు వేయించాను. దానికి గోడల్లేవు. పాపం కొంచెం తడిశారు. ఒక పెద్దాయన "అయ్యా, మేమేం చేశాం?" అన్నాడు. "మీరేం చెయ్యలేదు, మీ వైపు గాలి చేసింది" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు నాకు అంత నచ్చలేదు.

కిటికీలు తెరవమన్నావు. జల్లు లోపలికి కొడుతోంది, బజారు రొద ఒకటి. మూయించాను. లోపల ఉన్నదంతా మనవాళ్ళే కదా! మనవాళ్ళ ఊపిరి మనకేం చేస్తుంది?

మీ వదినకి మొదటి వరసలో కుర్చీ వేయించిన మాట నిజమే. మాట్లాడుతూ చూస్తే ఆ కుర్చీలో బొత్తాలు కుట్టే అత్త కూర్చుని ఉంది. మీ వదిన వెనకెక్కడో ఉండుంటుంది, జనంలో కనపడలేదు.

ఇద్దరు ముగ్గురు దగ్గుతున్నారు. వాతావరణం మారింది కదా. నాకూ గొంతు కాస్త బొంగురుపోయింది. అంతసేపు అరిస్తే పోదా?

టీకా టీకా అని నా ప్రాణం తీస్తున్నావు. నువ్వు వేయించుకున్నావా మరి కొత్త డోసు?

మీ అన్నయ్య


గేటు ల్యాబ్

అన్నయ్యా,

డ్రైవర్ని వరండాలో నిలబెట్టి రాస్తున్నాను.

ఇద్దరు ముగ్గురా? నిజం చెప్పు. నిన్న మీ ఊరి ఆసుపత్రినుంచి మాకు వచ్చిన శాంపిల్స్ పెట్టె మూత పడలేదు. దగ్గుతున్నవాళ్ళనందరినీ పరీక్షకి పంపు. నువ్వు ముందు వెళ్ళు. పై గదిలో పడుకో, కిందికి దిగకు.

వదిన ఎక్కడ కూర్చుంది? "వెనకెక్కడో" అని రాస్తే నాకు కుదరదు. ఏ బెంచీ, ఎవరి పక్కన, ఎంతసేపు? ఇది తేలేదాకా నాకు అన్నం దిగదు.

చెల్లి


కుట్టు దుకాణం పై గది,
బయటినుంచి గడియ

చెల్లెమ్మా,

వచ్చింది. నాకే వచ్చింది. నేను బల్లగుద్ది కాపలా కాసిన కోటలో నేనే పడిపోయాను.

నువ్వు అడిగిన నిజం: ఇద్దరు ముగ్గురు కాదు. ఉత్తరం రాసిన రోజుకే పాటలు పాడే బెంచీ మొత్తం మంచం పట్టింది. నీకు రాయలేదు. సిగ్గేసింది. కటింగ్ మాస్టర్‌కి, బొత్తాల అత్తకి, వాళ్ళింట్లో అందరికీ వచ్చింది. అందరూ లేచి తిరుగుతున్నారు, దేవుడి దయ. నా గొంతు మాత్రం పూర్తిగా పోయింది. సంఘంలో కొందరు దీనికి కృతజ్ఞతా ప్రార్థన చేశారని మీ వదిన కిటికీ కిందనుంచి చెప్పింది.

ఇంకో నిజం. షెడ్డులో తడుస్తూ కూర్చున్న లారీ డ్రైవర్లలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు తుమ్మలేదు. ఎవరిని పాళెం బయట పెట్టానో వాళ్ళు గాలిలో కూర్చుని బతికిపోయారు. ఎవరిని లోపల దాచుకున్నానో వాళ్ళ మధ్య తలుపులేసి దాన్ని పెంచి పోషించాను. ఆ నవ్విన పెద్దాయన నిన్న మెట్ల మీద పండ్ల సంచీ పెట్టి వెళ్ళాడు. "మీ వైపు గాలి ఎలా ఉంది అయ్యగారూ?" అని కిందనుంచి అరిచాడు. జవాబు చెప్పడానికి నాకు గొంతు లేదు. కిటికీలోంచి చేతులు జోడించాను.

మీ వదిన సంగతి ఆమె చేతే రాయిస్తున్నాను. కాగితం వరండాలో ఎండలో ఆరబెట్టి రాస్తుందట. నన్నే కాదు, నా ఉత్తరాన్నీ నమ్మడం లేదు.

మీ అన్నయ్య

*అమ్మాయ్, నేను. భయపడకు, నాకేం లేదు. రెండుసార్లు చూశారు, లేదన్నారు. సభకి ముందు ఆయనకి నీ ఉత్తరం తెచ్చిన రోజే డ్రైవర్ నువ్వు విడిగా నాకు పంపిన చీటీ కూడా ఇచ్చాడు. "లోపల కూర్చున్నావో, వచ్చి నా కిడ్నీ నేను పట్టుకుపోతాను" అని నువ్వు రాస్తే ఎందుకు కూర్చుంటాను? కుర్చీ అత్తకిచ్చి, గొడుగు పట్టుకుని షెడ్డులోకి పోయాను. పోనీలే, మీ అన్నయ్య గొంతు అక్కడిదాకా గోడలు చీల్చుకుని వచ్చింది. పెద్దాయన చెప్పిన జోకులకి నవ్వలేక చచ్చాను. నీ సామాను భద్రంగా ఉంది. రోజూ నీళ్ళు తాగుతోంది. అది సరే, నీ డోసు సంగతి ఆయన అడిగితే చెప్పలేదే? — వదిన*


గేటు ల్యాబ్, వెనక వరండా,
ఎండలు కాస్తున్నాయి

అన్నయ్యా, వదినా,

వదిన రాసింది ఎన్నిసార్లు చదివానో. ల్యాబ్‌లో అందరికీ నేనే టీ పోశాను.

గొంతు వచ్చిందట కదా, డ్రైవర్ చెప్పాడు. బజారుకంతా తెలిసిందట.

ఇప్పుడొక వార్త. కూర్చుని చదువు. మీ ఊరి శాంపిల్స్‌లో వైరస్ అక్షరం అక్షరం చదివాం. కొత్త రకం ఉంది. ఇంతకుముందు మేం ఎక్కడా చూడనిది. అవతలినుంచి వచ్చినవాళ్ళలో వెతికాం, దొరకలేదు. పోయిన ఏడాదినుంచి మన ఊళ్ళో తిరుగుతున్న పాతదాన్నీ దీన్నీ పక్కన పెట్టి చూస్తే, ఒక్కో మార్పూ ఒక్కో మెట్టులాగా ఇక్కడే పడుతూ వచ్చింది. అన్ని మెట్లూ మన దగ్గరే దొరికాయి. గేటు దాటి రాలేదు అన్నయ్యా. మన దుకాణంలోనే కత్తిరించిన కాలర్.

నీ సభలో పుట్టిందని మాత్రం నేను అనను. ఎవరి ఒంట్లో పుట్టిందో ఎవరూ చెప్పలేరు. నెలల తరబడి ఊళ్ళో జబ్బు తగ్గకుండా తిరిగింది, కోట్ల కోట్ల నకళ్ళు పడ్డాయి, ఒక తప్పు దానికి కలిసొచ్చింది. మూసిన కిటికీలు దానికి పల్లకీ పట్టాయి, అంతే. నిన్ను తిట్టను. తిట్లన్నీ వదిన ముందే వాడేసి ఉంటుంది.

ఇంకా ఉంది. నిన్న పొద్దున అవతలివాళ్ళు గేటు మూశారు. మన ఊరి బస్సులకి, మన ఊరి మనుషులకి. నువ్వు అర్జీలో ఏది రాశావో అక్షరాలా అదే, కాకపోతే అటునుంచి. మా పెద్దమేడం నీ అర్జీ నకలు చదివి "వీళ్ళు అడిగింది వాళ్ళు ఇచ్చేశారే" అంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీక నవ్వాను.

వాళ్ళు చేసింది తప్పని కాదు. వాళ్ళ ఊళ్ళో జబ్బు తక్కువుంది, కొన్నాళ్ళు ఆపితే లాభమే. కానీ వాళ్ళూ లోపల చేసుకోవాల్సింది చేసుకోకపోతే, ఇంకో కాలర్ అక్కడే పుడుతుంది.

కొత్త రకం మీద ఇప్పుడున్న టీకా పనిచేస్తోంది. అంటుకోవడం పూర్తిగా ఆపదు గానీ, ఆసుపత్రిదాకా పోకుండా చాలావరకు ఆపుతోంది. నువ్వు లేచావు కదా, ఆ గొంతుని పనిలో పెట్టు. ఊళ్ళో డాక్టర్లు చెబితే వినరు. నువ్వు చెబితే పసిపిల్లలు ఏడుపు ఆపుతారట.

ఉంటాను, శాంపిల్స్ వచ్చాయి.

చెల్లి


మందిరం ఆవరణ, సైకిల్ షెడ్డు,
పొద్దున్న

చెల్లెమ్మా,

షెడ్డులో కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడు ఇదే మా మందిరం. మందిరం కిటికీల రెక్కలు మనవాళ్ళే ఊడదీసి గోడకి ఆనించారు. మళ్ళీ బిగించడానికి ఎవరైనా వస్తే సుత్తి నా దగ్గర ఉంది.

పోయిన ఆదివారం లేచాను. వాళ్ళు మళ్ళీ గేటు గురించి అరుస్తానని ఎదురుచూశారు. రేకు నమూనా ఒక చేత్తో, కటింగ్ మాస్టర్ చివరి కాలర్ ఇంకో చేత్తో ఎత్తి పట్టుకున్నాను. "ఇది ఎవరు చేశారు? దొంగ చేశాడా? గేటు దాటి వచ్చినవాడు చేశాడా?" అన్నాను. కటింగ్ మాస్టర్ మొదటి బెంచీలోంచి లేచి "నేనే సార్" అన్నాడు. "కూర్చోవయ్యా, నువ్వొక్కడివే కాదు" అన్నాను. "గిన్నెలో కుక్కి మూతేసి ఉంచిన పిండి లోపలే పులుస్తుంది. మరణదూత వచ్చిన రాత్రి ద్వారబంధానికి నెత్తుటి గుర్తు పెట్టినవాళ్ళు బతికారు, నిజమే. కానీ ఆ రాత్రి లోపల ఏం చెయ్యాలో అది కూడా చేశారు! మనం గుర్తు పెట్టాం, లోపల చెయ్యాల్సింది మరిచిపోయాం!" గోడల్లేవు కాబట్టి కప్పు అదరలేదు గానీ, పావురాలు లేచాయి.

అప్పుడే, ఆ నిమిషమే, పాట ఆపించి వరస కట్టించాను. టీకా కేంద్రం దాకా నడిచాం. నాకంటే ముందు మీ వదిన. తనకి సగమే పనిచేసినా ఆ సగమైనా లాభమేనట. తర్వాత నేను. తర్వాత పాటల బెంచీ మొత్తం. లారీ డ్రైవర్ పెద్దాయన, గేటు మూయడంతో మన ఊళ్ళో చిక్కుపడ్డవాడు, నా పక్కన నిలబడి "ఇప్పుడు పాళెం బయట ఎవరున్నారు అయ్యా?" అన్నాడు. "మనిద్దరం" అన్నాను. దుకాణం పై గదిలోనే ఉంటున్నాడు. నాకంటే బాగా గుండీ కుడతాడు, ఆ సంగతి ఎవరికీ చెప్పకు.

పాత అర్జీ చింపేశాను. కొత్తది రాశాను. గేటు ఉండనివ్వండి, పరీక్షలు జరగనివ్వండి, కానీ ప్రతి వీధికీ టీకా, ప్రతి బడికీ తెరుచుకునే కిటికీ, దగ్గేవాడికి కూలి పోకుండా సెలవు ఇప్పించండి అని. దీని మీద కూడా అంతమందీ సంతకాలు పెట్టారు. ఆరుబయట.

ఇదంతా నీ మెప్పుకోసం రాశాననుకోకు. ఇప్పుడు అసలు వాక్యానికి వస్తున్నాను. సర్దుకుని కూర్చో. కాదు, లేచి నిలబడు.

నేను ఒకసారి అడిగాను, మీ వదిన ఒకసారి అడిగింది. రెండుసార్లూ నువ్వు శాంపిల్స్ వెనక దాక్కున్నావు. నిన్న మన డ్రైవర్ గేటు దగ్గర టీకా గదిలో చెయ్యి చాపి కూర్చుంటే, అక్కడి నర్సు అందట: "మీరు ఉత్తరాలు మోసే ల్యాబ్ అమ్మాయి మా పక్క గదే. రోజూ రేపు వస్తానంటుంది. సీజనంతా అయిపోతోంది, ఆ రేపు రాలేదు." డ్రైవర్ వచ్చి చెప్పాడు. మీ వదిన చేతిలో గ్లాసు కింద పెట్టి ఏడ్చింది చెల్లెమ్మా. నవ్వు తప్ప ఇంకోటి తెలియని మనిషి.

ఊరందరి ముక్కుల్లో పుల్ల పెట్టేదానివి! రోజంతా దాని మధ్య కూర్చునేదానివి! నా భార్యకి ఒకటిచ్చి నీకు ఒక్కటే మిగుల్చుకున్నదానివి! కప్పలు మంచం మీదికెక్కినా, వాటిని ఎప్పుడు పొమ్మంటావని అడిగితే, రేపు అన్నాడు గ్రంథంలో ఒక రాజు. ఆ రేపుతో ఏం సుఖపడ్డాడు? మొదటి ఉత్తరంలో కాపలావాడు నిద్రపోతే పాపం ఎవరిదని నీ మీద కేకలేశాను. ఇప్పుడు వేరే మాట అడుగుతున్నాను, నా చిన్ని చెల్లీ. కాపలావాడు పడిపోతే, మమ్మల్ని ఎవరు చూస్తారు?

ఈ ఉత్తరం మడిచి డ్రాయర్లో పెట్టకు. శాంపిల్స్ వచ్చాయని నాకు చెప్పకు, అవి రోజూ వస్తాయి. డ్రైవర్ మీ వరండా ముందు బస్సు ఆపి ఉన్నాడు. అందులో జనం ఉన్నారు, వాళ్ళకి పనులున్నాయి. నువ్వు చొక్కా చెయ్యి మడిచి దూది చూపించేదాకా బస్సు కదల్చొద్దని చెప్పాను. వాడు మాట ఇచ్చాడు. వినపడుతోందా హారన్?

పక్క గదే. రేపు కాదు, టీ తాగాక కాదు. ఇవాళే, ఇప్పుడే, కలం పెట్టి లే!

మీ అన్నయ్య